పరజలకు వినపడేంత గట్టిగా

నేను పెంచి చెప్తాను. ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ నిలదీయరన్న ఆశతో కాదు, నిలదీసేవాళ్లు ఎటూ నిలదీస్తారు. పిల్లిని పులి అని చెప్పడం నా ఉద్దేశం కాదు, నాకది పులిలాగానే కనపడుతుంది, అక్కడే వచ్చింది చిక్కంతా. మా ఆవిడ నా మాటకు తరుగు తీస్తుంది. మిరపకాయల టిక్కీ, అంటే గోనెబస్తా, యార్డుకు వెళ్తే తేమకింత, తాలుకింత అని కోసేసి మిగిలినదానికే ధర కడతారు చూడండి, అలాగన్నమాట. "మనింటికి వెయ్యిమంది వస్తున్నారు" అని నేను ఫోన్ చేస్తే ఆవిడ నలుగురికి సరిపడా పాలు పొయ్యి మీద పెడుతుంది. ఎప్పుడూ తక్కువ పడలేదు. కాబట్టి చదివేవాళ్లు ఎవరి తరుగు వాళ్లు తీసుకోండి. ఇందులో శుద్ధ అబద్ధం మాత్రం ఒకే ఒక్కటి ఉంది. అదేదో చివర్లో నేనే చెప్తాను. మిగతాదంతా నిజం, కాకపోతే కొంచెం ఉబ్బింది.

మా మేనత్త పేరు దీనమ్మ. ఆ పేరు పెట్టిన పాస్టరుగారు పాపం బిడ్డ నిద్రపోతున్నప్పుడు చూసి ఉంటారు. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టుల మనిషి. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో కనపడితే ఆవేళ క్రిస్మస్ అని నేను లెక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికొచ్చిన అత్తే నన్ను పెంచింది. ఆమె గుమ్మంలో నిలబడి నన్ను అన్నానికి కేకేస్తే చిలకలూరిపేట హైవే మీద లారీలు బ్రేకు వేసేవి. ఒకరిద్దరు డ్రైవర్లు చేతులు కడుక్కుని వచ్చేశారని కూడా చెప్తుంటాను గానీ దానికి పెద్ద తరుగే తీయండి. అత్తకు పనులు పురమాయించడం వచ్చు. నీళ్లు తే, దీపం వెలిగించు, ఆ చొక్కా విప్పి బకెట్లో పడెయ్, ఇలా రోజంతా హుకుములే. తనకోసం అడగడం మాత్రం ఆ నోటికి రాదు.

ఆమె చేసింది మిరప కల్లాల్లో తాలు ఏరే పని. ఎర్రటి కాయల కుప్ప ముందు కూర్చుని, తెల్లబారినవీ మచ్చపడ్డవీ ఏరి పక్కన పడేయడం. సీజను మొదలైతే మా ఇల్లంతా మిరపకాయ వాసనే. అత్త చీరలో, దుప్పట్లో, నా పలక మీద, ఆఖరికి మజ్జిగలో. పొద్దున్నే ఆమె చేతులకు కొబ్బరినూనె పట్టించుకునేది, వేళ్ల సందుల దాకా, ఏదో పూజకు కూర్చుంటున్నట్టు. సాయంత్రం ఇంటికొచ్చి పుల్లమజ్జిగలో చేతులు ముంచి కాసేపు కళ్లు మూసుకునేది. ఆమె నోరు మూసుకునే సమయం కూడా అదొక్కటే. నేనేడిస్తే ఆమె ఎప్పుడూ అరచేత్తో నా కళ్లు తుడవలేదు. మోచెయ్యి పైకి ముడిచి, ముంజేతితో, గొడ్డును నెట్టినట్టు నెట్టి తుడిచేది. వేళ్లలో మంట ఎప్పుడూ ఉంటుందని ఆమెకు తెలుసు. నా కళ్ల విషయంలో అంత జాగ్రత్తగా ఉన్న మనిషి తన కంటి విషయంలో లేదు. ఒక సీజనులో పరధ్యానంగా నలుపుకుంది. ఎర్రబడితే ఎవరో ఆకు పసరు పిండమన్నారు, పిండింది. ఆ కన్ను అప్పుడే పోయింది. మిగిలిన కంటికి ముసలితనంలో శుక్లం ముసిరి, వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనని స్థితికి వచ్చాక, ఈ ఏడు కాయలు కల్లాల్లోకి దిగే రోజుల్లో గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం.

కట్టు విప్పిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పబోతే అత్త ఊరుకోలేదు. "నా కన్ను సంగతి వాడికి చెప్తావేంది, నాకు చెప్పు" అంది. ఆయన నవ్వి, "చూపు బాగా వచ్చిందమ్మా. కానీ వెనకాల నరం బలహీనంగా ఉంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. ఉన్నన్నాళ్లు హాయిగా చూసుకో" అన్నాడు.

నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పాత సినిమా విలన్లా ఆటోలో కూర్చున్న అత్త ఊరు దాకా డ్రైవరుకు హుకుములిస్తూనే ఉంది. ఊరి మొదట్లో మంచినీళ్ల చెరువు పక్కనుంచి ఆటో వెళ్తుంటే నీళ్ల మీద నుంచి ఈల వినపడింది. రెండు ముక్కల ఈల, సన్నగా, గొంతు జలుబు చేసిన పిల్లాడు వేసినట్టు.

"ఒరేయ్, అయ్యి పరజలేనా?" అంది అత్త.

"అవే అత్తా."

"ఇన్నేళ్లు నా నెత్తి మీద ఈలేసుకుంటా పోయినయ్యి. ఒక్కసారి తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు కన్నుంది. దగ్గర నుంచి ఒకసారి చూపించరా."

అదీ సంగతి. అడవి బాతుల్ని దగ్గర నుంచి చూపించడం ఎంత పని అనుకున్నాను. ఆ మాటకొస్తే ఇప్పుడు మా మంచినీళ్ల చెరువు చెరువు కాదు, పార్కు. సాగర్ కాలువ నీళ్లు నింపి ఊరంతా తాగే చెరువు కట్ట మీద రంగు పలకలు పరిచారు, సిమెంటు పుట్టగొడుగులు మొలిపించారు, ఊరి పేరు పక్కన ఏనుగంత ఎర్ర గుండె నిలబెట్టారు. నీళ్లలో హంస పడవలు. ఒక హంస మెడ విరిగితే తీగతో కట్టారు, అది ఎప్పుడు చూసినా ఏదో పోగొట్టుకున్నట్టు నీళ్లలోకే చూస్తుంటుంది. కూర్చోవడానికి వేసిన బల్లలన్నీ ఆ హంసల వైపే తిరిగి ఉన్నాయి. అసలు పక్షులు ఈ వైభవం చూసి అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాయి. ఇవతలి నుంచి చూస్తే నీళ్ల మీద ఆవాలు చల్లినట్టు కనపడతాయి. అత్తను బల్ల మీద కూర్చోబెట్టి "అవే పరజలు" అంటే, ఆ కొత్త కన్ను నా నెత్తిన పగిలేది.

కాబట్టి ముందు మంచి చోటు వెతకాలి. దానికి నాకు తోడు శేషగిరి మాష్టారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు, మెడలో బైనాక్యులర్స్ లేకుండా ఆయన్ని వాళ్లావిడ కూడా గుర్తుపట్టదు. పక్షుల్ని చూడటానికి ఆయన దగ్గర పది ఆజ్ఞలున్నాయి, మోషేకిచ్చినవాటికన్నా కఠినమైనవి. మాట్లాడకూడదు. మట్టిరంగు బట్టలే కట్టాలి. తలకు వాసన నూనె రాయకూడదు. వంగి నడవాలి, నక్కి కూర్చోవాలి, దగ్గు వస్తే మింగాలి. "చప్పుడే శత్రువండీ" అనేవారు, అదీ గుసగుసగా, వాళ్లింటి వరండాలో కూర్చుని కూడా.

ఇద్దరు పెద్దమనుషులం బురదరంగు చొక్కాలేసుకుని చెరువు చుట్టూ నక్కి నక్కి తిరిగాం. తూము దగ్గర దాక్కుంటే పరజలు చెరువు మధ్యకు జరిగాయి. తుమ్మచెట్ల చాటుకెళ్తే ఇంకా అవతలికి పోయాయి. పార్కు వాచ్‌మన్ మమ్మల్ని చేపల దొంగలనుకుని ఈల వేశాడు. ఆ ఈలకు మేం లేచి పరిగెత్తాం గానీ పరజలు మాత్రం తల కూడా తిప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. మాష్టారి ఆజ్ఞల మీద నాకంత విశ్వాసం. ఇంటికొస్తే అత్త అరుగు మీద నల్లద్దాల్లోంచి చూసి, "ఏంరా, ఇయ్యాల కూడా మీ ఇద్దరినీ పరజలు చూసి పోయినయ్యా?" అనేది. నవ్వుతూనే అనేది. కానీ అన్నాక ఆ కంటికి దగ్గరగా చెయ్యి పెట్టుకుని, వేళ్లు లెక్కపెడుతున్నట్టు కదిలించి చూసుకునేది. ఆ వేళ్లు చూశాక నాకు అన్నం సయించేది కాదు.

ఒక సాయంత్రం అవతలి ఒడ్డున జమ్ములో నడుం లోతు దూరి కూర్చున్నాం. కాళ్ల కింద బురద, చెవుల్లో దోమలు, ఒక్కో దోమ పావురమంత. పరజలు మమ్మల్ని పసిగట్టి మెడలు నిలువుగా ఎత్తాయి, ఇక లేస్తాయన్నట్టు. ఇంతలో గాలి తిరిగింది. మాకు కాస్త పక్కన, ఆ ఒడ్డునే, రైతులు మిరపకాయలు ఆరబోసే కల్లం ఉంది, అక్కడి ఘాటంతా మా మీదికి వచ్చిపడింది. మాష్టారు తుమ్ము ఆపుకున్నారు. ఎలా ఆపుకున్నారంటే, ముఖం ముందు పచ్చిమిరప రంగుకొచ్చింది, తర్వాత పండుమిరప రంగుకు తిరిగింది, అక్కడి నుంచి తాలుకాయలా తెల్లబారింది. అప్పుడు పేలింది. నరసరావుపేటలో కిటికీలు అదిరి ఉంటాయి. అయిపోయింది, ఈ దెబ్బకు పరజలు సైబీరియాలోనే ఆగుతాయి అనుకుని కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి మెడలు దిగి ఉన్నాయి. ఎత్తిన మెడలన్నీ. మాష్టారు రెండోసారి తుమ్మారు, మూడోసారి కూడా. రెండు పరజలు మాకేసి ఈదుకుంటూ వచ్చి, ముక్కులతో నీళ్లు గెలుకుతూ, ఇంట్లో మనుషులున్నారు కదా అన్నట్టు నిశ్చింతగా మేత వెతుక్కున్నాయి.

"ఇది శాస్త్రంలో లేదండీ" అన్నారు మాష్టారు ముక్కు తుడుచుకుంటూ. ఆ మాట గుసగుసగా కాదు, మామూలు గొంతుతో అన్నారు. పరజలు ఏమీ అనుకోలేదు.

ఆ మిరప ఘాటులో, ఆ తుమ్ముల చప్పుడులో నా చిన్నతనం మొత్తం ఒక్కసారి ముక్కులోకి ఎక్కింది. ఈ కల్లమే. అమ్మానాన్నలు డ్యూటీలకు పోతే అత్త నన్ను వెంటబెట్టుకొచ్చి టిక్కీల నీడన పడుకోబెట్టేది. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు, కొంగులు ముక్కులకు కట్టుకుని, వంచిన తల ఎత్తకుండా, లోకంలో ఉన్న సంగతులన్నీ అరుచుకునేవాళ్లు. ఒకామె తుమ్మితే పదిమంది తుమ్మేవాళ్లు. ఎవరి కోడలు ఎట్లాంటిది, ఎవరి గేదె ఎంత ఇస్తుంది, ఏ పాస్టరు ప్రార్థన ఎంత పొడుగు, అన్నీ ఆ తుమ్ముల మధ్యలోనే తేలేవి. గాలి ఎటు నుంచి వస్తే అటు వీపు పెట్టి కూర్చోవడం తాలు ఏరేవాళ్ల పద్ధతి, లేకపోతే ఘాటు ముఖాన కొడుతుంది. పొద్దున గాలి చెరువు మీది నుంచి వచ్చేది. అంచేత అందరి వీపులూ నీళ్లకే. ఆ వీపుల వెనకాల, ఒడ్డుకానుకుని, పరజలు మందలు మందలుగా కునుకు తీసేవి. టిక్కీల సందులోంచి నేను చూసేవాణ్ని. అందరికీ కనపడుతున్నాయనే అనుకునేవాణ్ని.

ఎందుకొచ్చేవంటే ఆ రోజుల్లో చెరువులో పరజల్ని పట్టేవాళ్లుండేవాళ్లు. నెత్తిన కుండ బోర్లించుకుని, కుండకు కంతలు పెట్టి, మెడలోతు నీళ్లలో చప్పుడు లేకుండా నడిచి వెళ్లి, తేలే కుండే కదా అని ఊరుకున్న పక్షిని కాళ్లు పట్టి కిందికి లాగేవాళ్లు. ఈకలు పీకి ముక్కలు కొట్టి అమ్మిన ఆ కూర మా ఇంట్లోనూ ఉడికింది, నేనూ లొట్టలేశాను. మరి పరజకు భయమంటే ఏమిటి? చప్పుడు లేకపోవడమే. అరుపులూ తుమ్ములూ ఉన్నచోట దానికి ప్రాణభయం లేదు. అక్కడ మనుషులకు తల ఎత్తే తీరికే లేదు. మేమిద్దరం ఇన్నాళ్లుగా మట్టిరంగు చొక్కాలేసుకుని, నక్కి నక్కి, కుండ ఒక్కటి తక్కువగా తిరుగుతున్నాం.

నల్లద్దాలు తీయొచ్చని డాక్టరు చెప్పిన మరుసటి పొద్దున అత్తను కల్లానికి తీసుకెళ్లాం. పార్కు కంచెకు ఒకచోట కంత ఉంది, అందులోంచి దూరి ఒడ్డెమ్మటే నడిస్తే అక్కడే. తాలు ఏరేవాళ్లలో అందరికన్నా పెద్దామె మంగమ్మ, అత్తతో కలిసి పనిచేసిన మనిషి. తల ఎత్తకుండానే పలకరించింది.

"ఏం దీనమ్మా, కన్ను తెచ్చుకున్నావంట."

"తెచ్చుకున్నా. ముందు నీ మొహమే కనపడింది. ఎందుకు తెచ్చుకున్నానా అనిపిచ్చింది."

"ఈ బాబులెవురు? ఊరికే చూట్టానికే అయితే పార్కులో బల్లలున్నాయిగా. ఈడ కూకుంటే ఏరాల."

కూర్చున్నాం. మాష్టారు ప్యాంటు మడిచి, తుమ్ముకు తుమ్ముకు మధ్య ఎర్రటి కాయల్నే తాలులో పడేస్తుంటే మంగమ్మ, "అయ్యా పంతులుగారూ, రైతు చూశాడంటే నిన్నే తాలులో పడేస్తాడు" అంది. కల్లమంతా నవ్వింది. అత్త చేతులు కుప్పలోకి పోగానే వాటంతటవే ఏరడం మొదలుపెట్టాయి. చూపుతో వాటికి పనిలేదు. నీళ్లకు వీపు పెట్టి కూర్చుని, ఎవరెవరి కోడళ్లు ఎట్లా ఉన్నారో వాకబు చేస్తూ, ఆమె తన పాత గొంతుకు వచ్చేసింది. మా వెనకాల నీళ్ల చప్పుడు మారింది. చిన్న చిన్న సొట్టలు పడుతున్నట్టు, ఎవరో వేళ్లతో నీళ్లను తడుతున్నట్టు. ఈలలు దగ్గరయ్యాయి. నేను ఓరకంట చూసి అత్త మోకాలు తట్టాను.

ఆమె మెల్లగా, కూర్చున్నచోటే, చెరువు వైపు తిరిగింది.

ఇక్కడ నేను ఎంత పెంచుదామన్నా మాట దొరకదు. అన్నీ ఒడ్డునే ఉన్నాయి. చెయ్యి చాస్తే అందేంత దగ్గర అని రాయాలనుంది, తీసేస్తున్నాను, మన వాకిట్లో కోళ్లు తిరిగేంత దగ్గర అనుకోండి. కాల్చిన కుండరంగు రొమ్ములు, బెల్లపు పాకం రంగు రెక్కలు, ఎండ పడిన ప్రతి ఈక చివరా సన్నటి పసుపు అంచు. ఒకటి పక్కదాని మెడ దువ్వుతోంది. ఒకటి ఒంటికాలి మీద నిద్రపోతోంది. ఒకటి ముక్కు చివర నీటిబొట్టుతో అలాగే నిలబడి ఉంది, ఆ బొట్టు పడుతుందా పడదా అని లోకమంతా చూస్తున్నట్టు.

అత్త మాట ఆగిపోయింది. చేతులు మజ్జిగలో లేకుండా ఆ నోరు ఆగడం నాకు ఊహ తెలిశాక మొదటిసారి. ఆమె ఎటు చూస్తోందో అని మంగమ్మ తిరిగింది. మంగమ్మ తిరిగిందని మిగతావాళ్లు తిరిగారు. ఎన్నో సీజన్లు వీపులు పెట్టిన ఆడవాళ్లు అందరూ ఒక్కసారే చూశారు, చూసి మాట మర్చిపోయారు. మాష్టారు తుమ్ము కూడా మర్చిపోయారు. కల్లం మీద చప్పుడు లేదు.

పరజల మెడలన్నీ నిలువుగా లేచాయి. కుండ బోర్లించినవాడు వచ్చాడనుకున్నాయి. ఇంకొక్క క్షణం ఇలాగే ఉంటే లేచిపోతాయి, అత్త ఇంకా చూడటం మొదలే పెట్టలేదు.

నేను నోరు తెరిచాను. మా అత్త ఒకసారి పుంజును పట్టుకోబోతే అది తప్పించుకుందనీ, ఈమె తరిమితే అది సంతమాగులూరు దాటి, వినుకొండ కొండెక్కి, పై నుంచి కిందికి చూసి, ఈమె ఇంకా వస్తోందని తెలిసి అక్కడే తనంతట తాను ఈకలు పీకేసుకుని కూర్చుందనీ చెప్పడం మొదలుపెట్టాను. గట్టిగా చెప్పాను, సంతలో మందులమ్మేవాడిలా. మంగమ్మ పక్కున నవ్వింది. ఎవరో తుమ్మారు. మెడలు ఒకటొకటిగా దిగాయి. కథ అయిపోయింది, నేను ఊపిరి పీల్చుకున్నాను.

"ఆపమాకురా" అంది అత్త, కన్ను తిప్పకుండా. "ఇంకా చెప్పు."

జీవితమంతా నన్ను "నీ నోరు కాసేపు మూయరా" అన్న మనిషి. ఇక చూసుకోండి. పుంజును కొండ దించాను, కనిగిరి కోట గోడ దూకించాను, ఎమ్మెల్యేకు నిలబెట్టి గెలిపించాను కూడా. మధ్యలో అత్త కంట్లో నీళ్లు ఊరాయి, తుడుచుకోబోయి చెయ్యెత్తింది. ఆ వేళ్లన్నీ మిరపకాయలే. గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను. నా చేతులూ మిరపకాయలే కదా, మోచెయ్యి ముడిచి, ముంజేతితో, ఆమె నాకు చేసినట్టే, గొడ్డును నెట్టినట్టు కాకుండా కొంచెం నెమ్మదిగా తుడిచాను. కథ మాత్రం ఆపలేదు.

ఎండ ముదిరాక వాటంతటవే లేచాయి. భయపడి కాదు, వేళైందని. ఒడ్డంతా రెక్కలు విప్పుకుని గాల్లోకి వెళ్లినట్టు, రెండు ముక్కల ఈలలతో మా నెత్తుల మీదుగానే వెళ్లాయి. మిరపకాయల కుప్ప మీద వాటి నీడలు పరిగెత్తాయి. అత్త తల ఎత్తింది. పూర్తిగా వెనక్కి వాల్చి, చివరి పక్షి తుమ్మచెట్లు దాటేదాకా ఆ తల అలాగే తిప్పుతూ చూసింది.

"ఎర్రగా ఉన్నయ్యిరా" అంది, తల ఇంకా దించకుండానే. "నేను నల్లయ్యనుకున్నా."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తల వంచుకుని ఏరిన ఆ సీజన్లన్నిటిలో ఆమె చూసింది కుప్ప మీద నీడల్నే.

ఆ కన్ను ఇంకా ఉంది. ఇప్పుడు వారానికోసారి కల్లానికి వెళ్తున్నాం. పార్కు బల్లల మీద కూర్చున్నవాళ్లు హంసల్ని ఫోటోలు తీసుకుంటూ, అటు నుంచి వినపడే మా కేకలకు చెవులు మూసుకుంటారు. మాష్టారు పది ఆజ్ఞల్లో తొమ్మిది కొట్టేశారు, మట్టిరంగు చొక్కా ఒక్కటి ఉంచారు, మురికి కనపడదని.

ఇక ఆ అబద్ధం. పుంజు కాదు, అది ఎలాగూ మీరు తరుగులో కోసేశారు. తుమ్ము జరిగింది, మెడలు దిగాయి, "ఆపమాకురా" అన్న మాట అత్తదే. నేను కల్పించింది ఆటోలో మాటలు. అత్త నన్ను పరజలు చూపించమని అడగలేదు. ఆమె ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. అడిగినట్టు రాసుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుందని రాశాను. ఆ రోజు జరిగిందల్లా, చెరువు మీద ఈల వినపడగానే నల్లద్దాలు పెట్టుకున్న ఆ తల అటు తిరిగింది, ఆటో మలుపు తిరిగి చెరువు వెనకపడిపోయాక కూడా అటే ఉంది.